వేలెడు తక్కువ

అచావో రేవులో పడవ దిగింది ఒర్ఫెలినా చిగువాయ్.
చంకలో నూనెగుడ్డ చుట్టిన కుర్చీ,
చేతిలో విడిగా దాని కాలు,
సంతలో బేరమాడి కొన్న చేపని తోక పట్టుకున్నట్టు.

"నాలుగు రోజుల్లో కావాలి" అంది.
"నేను పడవలవాణ్ణమ్మా,
పడవలకి కాళ్లుండవు."
"దీనికీ ఇప్పుడు మూడే.
నువ్వు పట్టిన కుందేలనుకో."

వాన పడుతూనే ఉంది.
మా దీవిలో వాన వార్త కాదు, ఇరుగుపొరుగు.
పొయ్యి పక్కన కుర్చీని బోర్లా పడుకోబెట్టాను.
సిప్రెస్ కర్ర.
వందేళ్లు దాటినా గోటితో గీరితే
నిన్ననే కొట్టినట్టు వాసన.
నాలుగు తరాల పిరుదులు నున్న చేసిన పల్లం,
చేతుల మీద ఉప్పు మరక,
ఒకచోట పంటి గాట్లు, చిన్నవి,
పాలపళ్లవి.

కాలు విరిగిన చోట మూడు మేకులు.
ఎవడో తొందరపడ్డవాడు
చెక్కని అడక్కుండా కొట్టేశాడు.
మేకు చెక్కకి చుట్టం కాదు, అప్పులవాడు:
పట్టుకుంటుంది గాని నిలబెట్టదు.
రెండు పీకాను.
మూడోది తల తెగి లోపలే ఉండిపోయింది,
ఉండనిచ్చాను.
మా నాన్న వీపులోనూ ఒక ఇనప ముక్క ఉండేది.
దాంతోనే ముసలివాడయ్యేదాకా పడవలు లాగాడు.

లూమా కర్రతో చీల చెక్కాను,
గొడ్డలికే పళ్లు పులిసే కర్ర అది.
రెండు రోజులు పొయ్యి మీద ఆరబెట్టాను.
ఎండిన చీల ఈ తడిదేశపు చెక్కలో దూరితే
ఉబ్బుతుంది, ఇక జన్మలో రాదు.
వంకరపోయిన వీపుపట్టీకి ఆవిరి పెట్టాను.
మొక్కై వంగనిది మానై వంగునా అనేవాళ్లు
నా ఆవిరిపెట్టె చూసి ఉండరు.

అప్పుడు కనబడింది:
ముందరి ఎడమకాలు వేలెడు పొట్టి.
విరిగిన కాలు కాదు, బాగున్నదే.
అరుగు కూడా కాదు,
రంపం కోత.
నాకు నచ్చలేదు. చెయ్యి ఊరుకోలేదు.
అదే జాతి ముక్క వెతికి
అతుకు కనబడకుండా తొడిగాను.
నేల మీద పెడితే నాలుగు కాళ్లూ
ఒక్కసారే ఆనాయి, చప్పుడు లేకుండా.
ఆ రాత్రి నాకు నేనే ఒక చుట్ట బహుమానం ఇచ్చుకున్నాను.

నాలుగోనాడు వచ్చింది. కూర్చుంది.
ఎడమపాదం నేలకి తన్ని ఒకసారి ఊగబోయింది.
మళ్లీ ఊగబోయింది.
"ఎవరిది ఈ కుర్చీ?" అంది.

తడి కోటు విప్పకుండానే చెప్పింది.
పాత ఇల్లు వాలులో ఉండేదట,
నేల సముద్రం వైపు జారేదట.
వాళ్లమ్మమ్మ ఒక రాత్రి విసుగొచ్చి
కాలు కోసి కుర్చీని నిటారు చేసిందట.
ఆ తర్వాత ఇంటికి ఇల్లే కదిలింది.
పన్నెండు జతల ఎద్దులు, తాళ్లు పట్టిన ఊరు,
వాలు మీంచి చదునుకి రెండు రోజుల ప్రయాణం.
ఇల్లు సర్దుకుంది. కుర్చీ సర్దుకోలేదు.
ఎవరు కూర్చున్నా టక్ మని ఒరిగేది,
టక్ మని లేచేది.
ఆ చప్పుడుకే ఆరుగురు పిల్లలు నిద్రపోయారు,
ఆరోది తనే.
ఇప్పుడు మనవరాలికి నెలలు నిండుతున్నాయి.
"నోరులేని కుర్చీ నాకెందుకు?
బడిలో బోలెడున్నాయి."

నేనేమీ అనలేదు. రంపం తీశాను.
నా అతుకు మీదే కోశాను.
బాగుచేసినదాన్ని చెడగొట్టి
కూలి పుచ్చుకోవడం అదే మొదలు.
కూలంటే బంగాళాదుంపలు,
ఒక బస్తా, నల్లతోలువి.

పడవ ఎక్కేముందు కుర్చీని రేవు చెక్కల మీద దించి
అరచేత్తో నొక్కి చూసుకుంది.
టక్.
బేరం కుదిరినట్టు తలాడించింది.

కోసిన ముక్క మా కిటికీ సందులో ఉంది,
గాలికి రెక్క కొట్టుకోకుండా.
కొన్ని రాత్రులు తీసేస్తాను.